వేంగీదేశంలో హేతువిద్య

ఒక మాట నిజమని ఎట్లు తెలిసినదని అడిగితే ఎవరైనా ఒక కారణం చెబుతారు. ఆ కారణం ఆ మాటను నిలబెట్టడానికి చాలునా అన్నది వేరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం అందరికీ చేతనవుతుంది. రెండవ ప్రశ్నను పట్టుకొని దానినొక శాస్త్రంగా మలచినవారు లోకంలో కొద్దిమంది. వారిలో ఒకడైన దిఙ్నాగుడు తన తర్కగ్రంథాన్ని ఆంధ్రదేశంలో, వేంగీనగరానికి దగ్గరలోని ఒక కొండమీద రచించినాడని ఒక ప్రాచీన యాత్రికుని సాక్ష్యం ఉన్నది.

ఆ యాత్రికుడు చైనా భిక్షువు హుయాన్‌త్సాంగ్. ఆయన క్రీ.శ. 639 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చినాడు. రాజధాని పేరును చైనా అక్షరాలలో ‘పింగ్‌కీలో’ అని వ్రాసుకొన్నాడు. చరిత్రకారులలో చాలామంది దానిని వేంగిగా గుర్తించినారు. అదే నేటి పెదవేగి. ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరాన ఉన్నది. శాలంకాయనులకూ, తరువాత తూర్పు చాళుక్యులకూ ముఖ్యపట్టణమైన ఈ ఊరు నేడు ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వలన మెట్టరైతులకు పరిచితం. రాజధానికి నైరుతి దిక్కున 20 ‘లీ’ల దూరాన ఒంటరి కొండ ఒకటి ఉన్నదనీ, దానిమీద రాతిస్తూపం ఉన్నదనీ, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని రచించిన చోటు అదేననీ యాత్రికుడు తెలిపినాడు. కొండమీద సమాధిలో కూర్చున్న దిఙ్నాగునికి మంజుశ్రీ కనబడి, నీ మోక్షం నీవు చూచుకొంటే చాలదు, లోకానికి పనికివచ్చే శాస్త్రం చెప్పవలసినదని హెచ్చరించిన కథను కూడా చేర్చినాడు. కథ సంగతి ఎట్లున్నా, దిఙ్నాగుని కాలానికీ యాత్రికుని రాకకూ నడుమ వ్యవధి సుమారు నూరేళ్ళు. అప్పటికి ఊరివారి జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయి ఉండదు.

దిఙ్నాగుడు సుమారు క్రీ.శ. 480–540 నడుమ జీవించినాడని పండితుల అంచనా. కంచి సమీపంలోని సింహవక్త్రం అనే ఊరిలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, బౌద్ధ భిక్షువై, వసుబంధునివద్ద చదివినాడని టిబెట్ దేశపు సంప్రదాయం చెబుతుంది. ఆ కాలంలో తర్కం వాదానికి పనిముట్టు. న్యాయదర్శనం వాదానికి అయిదు అవయవాలు చెప్పినది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండమీద నిప్పున్నది; పొగ ఉన్నది కనుక; వంటయింటివలె; ఈ కొండకూ అట్లే పొగ ఉన్నది; కాబట్టి నిప్పున్నది. వినడానికి బాగుగానే ఉన్నది. కాని ఇందులో భారమంతా వంటయిల్లు అనే ఒక్క ఉదాహరణమీద పడినది. ఒకచోట రెండు వస్తువులు కలిసి కనబడినంతమాత్రాన అన్నిచోట్లా కలిసే ఉంటాయని ఎవరు పూచీ? దిఙ్నాగుడు చేయిపెట్టినది ఈ లోపం మీదనే. మూడు లక్షణాలు గల హేతువు అనే ఊహ ఆయనకు పూర్వమే, వసుబంధుని గ్రంథాలలోనే ఉన్నది. దానిని లెక్క తప్పని పరీక్షగా చేసినవాడు మాత్రం ఈయనే.

జంగారెడ్డిగూడెం పరిసరాలలో అందరూ ఎరిగిన వస్తువుతో ఆ పరీక్షను చూద్దాం. పొగాకు కోత కాలంలో చేల నడుమ పొడవాటి బ్యారన్‌లు కనబడతాయి. లోపల పచ్చి ఆకు కర్రలకు కట్టి వ్రేలాడుతూ ఉంటుంది. కొలిమి వేడి గొట్టాల గుండా గదిలో తిరుగుతుంది. పొగ మాత్రం చిమ్నీనుండి బయటికి పోతుంది. దూరాన రోడ్డుమీద నిలిచినవానికి నిప్పు కనబడదు, పొగ కనబడుతుంది. ‘ఆ బ్యారన్‌లో నిప్పున్నది, పొగ వస్తున్నది కనుక’ అని అతడు అంటాడు. ఇక్కడ బ్యారన్ పక్షం; నిప్పు సాధ్యం, అనగా నిరూపించవలసినది; పొగ హేతువు. నిప్పు ఉన్నదని ముందే తెలిసిన ఇతర స్థలాలు, వంటయిల్లు, ఇటుక బట్టీ వంటివి సపక్షం. నిప్పు లేదని తెలిసిన స్థలాలు, చెరువు, తడి వరిమడి వంటివి విపక్షం.

మొదటి నియమం: హేతువు పక్షంలో నిజంగా ఉండవలెను. చలికాలం తెల్లవారుజామున చిమ్నీపై కనబడినది పొగ కాక మంచు అయితే వాదం మొదట్లోనే కూలుతుంది. రెండవ నియమం: హేతువు సపక్షంలో కనీసం ఒకచోటనైనా ఉండవలెను. అన్నిచోట్లా ఉండవలెనన్న పట్టు లేదు. కణకణలాడే బొగ్గుల కుంపటిలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. అంతమాత్రాన వాదానికి హాని లేదు. మూడవ నియమం: హేతువు విపక్షంలో ఎక్కడా ఉండరాదు. నిప్పులేని చోట ఒక్కచోటనైనా పొగ దొరికినదా, హేతువు చెడినది.

కుంపటి ఉదాహరణలో విద్యార్థులు తరచుగా తడబడే విషయమొకటి ఉన్నది. పొగ ఉంటే నిప్పు ఉంటుందన్న మాట నిజమైనా, నిప్పు ఉంటే పొగ ఉంటుందన్న మాట నిజం కాదు. వాక్యాన్ని తిరగవేయగానే సత్యం కూడా దానితో తిరిగి వస్తుందనుకోవడం పరీక్షా పత్రాలలోనూ, పెద్దల సంభాషణలలోనూ సమానంగా కనబడే పొరపాటు.

మరొక సూక్ష్మం కూడా ఉన్నది. సపక్షాన్ని లెక్కించేటప్పుడు పక్షాన్ని అందులో చేర్చరాదు. వివాదంలో ఉన్న వస్తువునే దాని తరఫున సాక్షిగా పిలవరాదన్న మాట ఇది. న్యాయస్థానంలో ఈ సంగతి అందరూ ఒప్పుకొంటారు. అరుగులమీద జరిగే వాదాలలో మరచిపోతారు.

ఈ నియమాలనుండి దిఙ్నాగుడు ఒక చక్రం గీసినాడు. దానికి హేతుచక్రమని పేరు. హేతువు సపక్షంలో అంతటా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు, కొంత ఉండవచ్చు. విపక్షంలోనూ అట్లే. మూడును మూడుతో గుణిస్తే 9 గళ్ళు వచ్చినవి. ఏ వాదాన్ని తెచ్చినా ఈ 9 గళ్ళలో ఏదో ఒకదానిలో పడవలసినదే. అందులో 2వ, 8వ గళ్ళలో పడినవి మాత్రమే మంచి హేతువులు. 4వది, 6వది విరుద్ధాలు, అనగా చెప్పదలచినదానికి ఎదురు తిరిగి పనిచేసేవి. మిగిలిన 5 గళ్ళూ ఎటూ తేల్చలేనివి, వాటిని అనైకాంతికాలంటారు.

పూర్వుల ఉదాహరణలన్నీ శబ్దం నిత్యమా, అనిత్యమా అన్న చర్చనుండి వచ్చినవి. నేటి తరగతి గదికి జంతుశాస్త్రం మేలు. ‘ఇది పక్షి, గుడ్లు పెడుతుంది కనుక’ అని ఒకరు అన్నారనుకొందాం. పక్షులన్నీ గుడ్లు పెడతాయి. కాని పక్షులు కాని తాబేలూ, చేపా, తాచుపామూ గుడ్లు పెడతాయి. సపక్షమంతటా ఉండి విపక్షంలో కొంత ఉన్న ఈ హేతువు 3వ గడిలో పడినది, పనికిరాదు. ‘ఇది గడ్డీ ఆకూ తినే జంతువు, నెమరు వేస్తుంది కనుక’ అన్నప్పుడు గొర్రె నెమరు వేస్తుంది, గుర్రం వేయదు; రెండూ గడ్డి తినేవే. పులీ కుక్కా నెమరు వేయవు. సపక్షంలో కొంతే ఉన్నా విపక్షంలో బొత్తిగా లేదు; 8వ గడి, మంచి హేతువు. ‘నెమరు వేస్తుంది కనుక మాంసాహారి’ అంటే 6వ గడి. ఇక 5వ గడి వింతైనది. హేతువు సపక్షంలోనూ లేదు, విపక్షంలోనూ లేదు, పక్షంలో మాత్రమే ఉన్నది. ఊరి పొలిమేరలో అటువంటి మర్రి మరొకటి లేదు కనుక ఆ మర్రికి మహిమ ఉన్నదన్న వాదం ఇట్టిది. అటువంటిది మరొకచోట లేనప్పుడు పోల్చి చూడడానికి ఏమున్నది?

ఈ మూడు నియమాలలో మూడవదానికి దిఙ్నాగుడు ఇచ్చిన స్థానమే ఆయనను నేటి విజ్ఞానానికి దగ్గర చేస్తున్నది. మనసు సహజంగా సపక్షం వైపు పరుగెత్తుతుంది. రాగి కడియం తొడిగిన పదిమందికి కీళ్ళనొప్పి తగ్గినదని లెక్కపెడుతుంది. తొడగనివారిలో ఎందరికి తగ్గినదో, తొడిగినా ఎందరికి తగ్గలేదో అడగదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు ‘సాలిస్‌బరీ’ నౌకలో స్కర్వీ జబ్బు పడిన 12 మంది నావికులను ఇద్దరు చొప్పున 6 జట్లుగా విభజించినాడు. ఒక్క జట్టుకే నారింజలు, నిమ్మపండ్లు ఇచ్చి, మిగిలినవారికి వేరువేరు మందులు ఇచ్చినాడు. నిమ్మజాతి పండ్లు తిన్న ఇద్దరూ అందరికన్న త్వరగా కోలుకొన్నారు. వారిద్దరు తేరుకోవడం ఎంత ముఖ్యమో, మిగిలిన 10 మంది అట్లు తేరుకోకపోవడం అంత ముఖ్యం. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ తన తర్కగ్రంథంలో చెప్పిన అన్వయ, వ్యతిరేక పద్ధతులు ఈ ఆలోచనకే మరొక రూపం. మిల్ దిఙ్నాగుని చదివి వ్రాసినాడని దీని అర్థం కాదు. నిజాన్ని పరీక్షించవలసి వచ్చినప్పుడు వేరువేరు దేశాలవారు ఒకే మెట్టు ఎక్కినారు.

దిఙ్నాగుని పద్ధతిలో లోపం లేకపోలేదు. విపక్షంలో ఎక్కడా కనబడలేదని ఆయన అంటాడు. అన్నిచోట్లా వెదకినామని ఎట్లు తెలియవలెను? 7వ శతాబ్దంలో ఆయన సంప్రదాయంలోనే వచ్చిన ధర్మకీర్తి ఈ సందును చూచినాడు. కనబడకపోవడం ఒక్కటే చాలదనీ, హేతువుకూ సాధ్యానికీ కార్యకారణ సంబంధం వంటి సహజమైన ముడి ఉండవలెననీ కోరినాడు. ఈకలు ఉన్నవి కనుక పక్షి అన్న వాదం చూడండి. బ్రతికి ఉన్న జంతువుల వరకు అది 2వ గడిలోని నిర్దోషమైన హేతువు. అయితే 1996 తరువాత చైనాలోని లియావొనింగ్ ప్రాంతపు శిలాజాలలో, పక్షులుగా లెక్కించని డైనోసార్లకు కూడా ఈకలు కనబడినవి. ఒక్కరోజున విపక్షం నిండినది. ఆ హేతువు వెంటనే 3వ గడికి జారిపోయినది.

తెలుసుకొనే మార్గాలు రెండే అని దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయంలో తేల్చినాడు: ప్రత్యక్షం, అనుమానం. ఆప్తవాక్యం, అనగా నమ్మదగినవారి మాట, వేరే ప్రమాణం కాదు. అది కూడా అనుమానంలోని ఒక రకమే. చెప్పినవాడు నమ్మదగినవాడని ముందు నిర్ణయించుకొంటే గాని ఆ మాటకు బలం లేదు. ఆయన సమకాలీనులకు ఇది మింగుడు పడని మాట. ఉపాధ్యాయులకు కూడా కొంత ఇబ్బంది కలిగించేదే. పాఠ్యపుస్తకంలో అచ్చయినది కనుక నిజం అని విద్యార్థి అన్నప్పుడు, తప్పు సంగతులు పుస్తకంలో ఎన్నడూ అచ్చు కాలేదా అన్నది విపక్షాన్ని గురించిన న్యాయమైన ప్రశ్న.

ఈ గ్రంథం పుట్టుకను గురించి టిబెట్ చరిత్రకారుడు తారానాథుడు 1608లో పూర్తిచేసిన పుస్తకంలో ఒక కథ చెప్పినాడు; ఆయన ఆ సంఘటనను ఓఢ్రదేశపు గుహలో జరిగినదిగా వర్ణించినాడు. దిఙ్నాగుడు మొదటి శ్లోకాన్ని సుద్దతో గోడమీద వ్రాసి భిక్షకు పోయినాడు. పరమతస్థుడొకడు వచ్చి చెరిపివేసినాడు. మళ్ళీ వ్రాస్తే మళ్ళీ చెరిపినాడు. మూడవసారి దిఙ్నాగుడు శ్లోకంతోపాటు ఒక కబురు వ్రాసి పెట్టినాడు: వేళాకోళానికి చెరుపుతుంటే మానుకొమ్మనీ, నిజంగా అభిప్రాయభేదం ఉంటే ఎదుటికి వచ్చి వాదించమనీ. కథలోని తక్కిన అద్భుతాలను వదిలివేసినా ఈ కబురు మాత్రం ఆ మనిషి స్వభావానికి అతికినట్లున్నది.

దిఙ్నాగుని గ్రంథాలకు తరువాత పట్టిన గతి విచారకరం. హుయాన్‌త్సాంగ్ స్వదేశానికి తిరిగిపోయి, శంకరస్వామి వ్రాసిన న్యాయప్రవేశాన్ని 647లోనూ, దిఙ్నాగుని న్యాయముఖాన్ని 649లోనూ చైనా భాషలోకి మార్చినాడు. ఆయన శిష్యుల ద్వారా ఈ విద్య జపాన్ చేరి అక్కడి ఆలయాలలో శతాబ్దాలపాటు పఠనపాఠనాలలో ఉన్నది. ప్రమాణసముచ్చయానికి టిబెట్ భాషలో రెండు అనువాదాలు నిలిచినవి. పుట్టిన దేశంలో మాత్రం సంస్కృత మూలం నశించినది. ఆయనను ఖండించడానికి పూనుకొన్న ఉద్ద్యోతకరుడు, కుమారిలుడు మొదలైనవారి గ్రంథాలే ఆయన మాటలను కొంతవరకు మనకు దక్కించినవి. 1930లో మైసూరునుండి రంగస్వామి అయ్యంగార్ మొదటి అధ్యాయాన్ని టిబెట్ భాషనుండి సంస్కృతంలోకి పునర్నిర్మించి ప్రకటించినాడు. 2005లో జినేంద్రబుద్ధి వ్యాఖ్య యొక్క సంస్కృత మూలంలో మొదటి అధ్యాయం అచ్చు కావడంతో దిఙ్నాగుని అసలు వాక్యాలను మరింత నిశ్చయంగా కూర్చడానికి దారి ఏర్పడినది.

అయితే ఆయన పదజాలం తెలుగునేలనుండి పూర్తిగా పోలేదు. 17వ శతాబ్దంలో ఆంధ్రదేశంనుండి కాశీకి పోయి పేరు గడించిన అన్నంభట్టు తర్కసంగ్రహం వ్రాసినాడు. ఊరక కాశీకి వెళ్ళినంతమాత్రాన అన్నంభట్టు కాలేరన్న సామెత ఆయన కీర్తికి గుర్తు. ఆయన నైయాయికుడు, నాలుగు ప్రమాణాలు ఒప్పుకొన్నవాడు, దిఙ్నాగుని మతానికి ప్రతిపక్షం. ఐనా ఆ చిన్న పుస్తకంలో పక్షం, సపక్షం, విపక్షం అన్న మాటలు అట్లే ఉన్నవి. వంటయిల్లు సపక్షానికి, పెద్ద మడుగు విపక్షానికి ఉదాహరణలు. నేటికీ సంస్కృత పాఠశాలలలో తర్కం మొదలుపెట్టే బాలుడు మొదట పట్టుకొనేది ఆ పుస్తకాన్నే.

ఈ పరీక్షను దిఙ్నాగుని చరిత్రమీదనే ప్రయోగించి చూడవచ్చు. మేఘదూతంలో ‘దిఙ్నాగ’ శబ్దం ఒకచోట వస్తుంది. తెలుగువాడైన మల్లినాథసూరి దానికి వ్యాఖ్య వ్రాస్తూ, కాళిదాసు తన ప్రత్యర్థి అయిన దిఙ్నాగాచార్యుని ఇక్కడ దెప్పినాడని సూచించినాడు. దీనినిబట్టి ఇద్దరూ సమకాలీనులని కొందరు తేల్చినారు. ఆ శబ్దానికి దిక్కులను మోసే ఏనుగులని సామాన్యార్థం ఉన్నది. దిఙ్నాగుని ఎరుగని కవి కూడా మేఘం ప్రయాణించే ఆకాశమార్గంలో ఆ ఏనుగులను పెట్టవచ్చు. హేతువు విపక్షంలోనూ ఉండగలదు, అనైకాంతికం. మల్లినాథుని పాండిత్యానికి ఇందులో లోటేమీ లేదు. ఆ ఒక్క శబ్దంమీద కాలనిర్ణయం మాత్రం నిలవదు.

రెండవ ఉదాహరణ ఇంకా దగ్గరిది. జంగారెడ్డిగూడెం, ఏలూరు పాఠశాలల పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోయే చోట్లలో కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండ ఒకటి. క్రీ.పూ. 2వ శతాబ్దంనుండి బౌద్ధ భిక్షువులు నివసించిన గుహలు, స్తూపాలు అక్కడ ఉన్నవి. కొయ్య దూలాలవలె రాతిలో చెక్కిన కప్పుగల గుండ్రని చైత్యగృహం చూడవలసినది. వేంగి కథ తెలిసినవారికి అక్కడ నిలిచినప్పుడు, దిఙ్నాగుడు కూర్చుని వ్రాసినది ఈ కొండమీదనేమో అన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఆ మాటను పిల్లలకు చెప్పవచ్చునా?

బౌద్ధగుహలు ఉన్నవి కనుక అంటే, అవి అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండకూ, మహారాష్ట్రలోని కార్లేకూ ఉన్నవి. విపక్షంలో ఉన్నది కనుక ఈ హేతువు చెల్లదు. వేంగికి సమీపం కనుక అంటే, సమీపంలోని కొండలన్నిటికీ ఆ మాట వర్తిస్తుంది. హుయాన్‌త్సాంగ్ చెప్పిన గుర్తులు సరిపోయినవి కనుక అంటే, మొదటి నియమమే తప్పుతుంది. యాత్రికుడు చెప్పిన దిక్కు నైరుతి. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరాన ఉన్నది. 20 లీలు సుమారు 6 నుండి 10 కిలోమీటర్లు. గుంటుపల్లి సూటిగా కొలిచినా 20 కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఆయన చెప్పినది ఒంటరి కొండ. గుంటుపల్లి కొండల వరుసలోనిది. ‘పింగ్‌కీలో’ పెదవేగి కాదు, వేరొక ఊరు అని ఎవరైనా సమర్థంగా చూపినప్పుడు ఈ లెక్క మళ్ళీ మొదలు పెట్టవలసి ఉంటుంది. ఎందుకంటే ఆ గుర్తింపు కూడా ఒక అనుమానమే.

మూడు హేతువులు చెడినంతమాత్రాన దిఙ్నాగుడు గుంటుపల్లిలో అడుగు పెట్టలేదని రుజువు కాదు. చెడిన హేతువు ఎదుటి పక్షాన్ని గెలిపించదు. ఆయన వేంగికి వచ్చిన నాటికి ఆ విహారం భిక్షువులు ఎరిగిన పాత స్థలం, అంతవరకు చెప్పవచ్చు. గుండ్రని చైత్యం ముందు నిలబెట్టి పిల్లలకు ఆ మూడు హేతువులను ఒకటొకటిగా ఇచ్చి, ఏది ఏ గడిలో పడుతుందో చెప్పమని అడగడానికి ఒక గంట సరిపోతుంది.